నేల మీదే ఎగరడం నేర్పిన ఎడ్విన్ లింక్



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక గొప్ప వ్యక్తి జీవితాన్ని పరిచయం చేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి, జాషువా గురించి, అబ్దుల్ కలాం గురించి మన సీనియర్లు రాసినవి చదువుకుంటూనే మేము పెరిగాం. ఈసారి రాసే అవకాశం మాకు వచ్చింది. మేము ఎంచుకున్న పేరు ఎడ్విన్ లింక్. మనలో చాలామంది ఈ పేరు విని ఉండకపోవచ్చు. కానీ విమాన శిక్షణ రంగంలో ఇది ఎంతో ప్రసిద్ధమైన పేరు. విమానం నేల విడవకుండానే దాన్ని నడపడం నేర్పే యంత్రాన్ని, అంటే నేటి ఫ్లైట్ సిమ్యులేటర్లకు మూలమైన యంత్రాన్ని తయారు చేసింది ఆయనే.

ఈ పేరు మాకు క్లాసు పుస్తకంలో దొరకలేదు. కోకాపేటలో ఒక ఫ్లాట్‌లో దొరికింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఆయన జీవితంలోకి వెళ్తాం.

కోకాపేటలో కాక్‌పిట్

మేమంటే ఒకే గదిలో ఉంటూ ఎం.సి.ఏ. చదువుతున్న ఇద్దరం. ఇద్దరి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. మన హాస్టల్‌లో మాకంటే పదేళ్ల ముందు చదివిన ఒక అన్న కోకాపేటలో ఉద్యోగం చేస్తూ అక్కడే అద్దెకుంటున్నారు. 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటిందని పేపర్లలో చదివాం కదా, ఆ కోకాపేటే. పదో తరగతిలో ఉండగా అన్న పైలట్ అవుతానని అందరితో చెప్పేవారట. పైలట్ లైసెన్సు కావాలంటే ఎన్ని లక్షలు పోయాలో తెలిశాక ఆ మాట ఎత్తడం మానేశారు. ఇంజనీరింగ్ చదివారు. ఉద్యోగం వచ్చింది. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. ఇప్పుడు ముప్పై మూడేళ్ల వయసులో, ఇంట్లో చిన్న గదిని ఖాళీ చేసి, అందులో విమానం కాక్‌పిట్ కట్టుకుంటున్నారు. దానికి కంప్యూటర్ బిగించడానికి మమ్మల్ని పిలిచారు.

వడ్రంగి చేత ప్లైవుడ్ చట్రం కొట్టించారు. అందులో ఒక పాత కారు సీటు. ఎదురుగా మూడు మానిటర్లు. చేతులకు యోక్, కాళ్లకు రడ్డర్ పెడల్స్, కుడి పక్కన థ్రాటిల్. కంప్యూటర్ సామాను కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు రోజులు షాపు షాపుకీ తిరిగాం.

మొదట మేము డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పెట్టమని సలహా ఇచ్చాం. సిమ్యులేటర్ సంగతి వేరని తర్వాత తెలిసింది. రెక్కల మీద గాలి, ఇంజను, వాతావరణం, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, ఇవన్నీ క్షణక్షణం లెక్క కట్టాలి. ఆ లెక్కలో పెద్ద వాటా ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద పడుతుంది. ఆ కోర్ వెనకబడితే గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా పని లేక ఎదురుచూస్తూ ఉంటుంది. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అందుకని కోర్లు ఎక్కువున్న ప్రాసెసర్ కాకుండా క్యాష్ మెమరీ ఎక్కువున్నది తీసుకున్నాం. ర్యామ్ 32 జీబీ వేశాం. నేల బొమ్మలు చప్పున రావడానికి మంచి ఎస్.ఎస్.డి. పెట్టాం.

అన్నీ బిగించి మొదటిసారి శంషాబాద్‌లో దిగబోయాం. రన్‌వే ఇంకా రెండు వందల అడుగుల కింద ఉందనగా పెడల్స్ పని చేయడం మానేశాయి. విమానం పక్కకు లాగేసి గడ్డిలో పడింది. తప్పు మాదే. యోక్, పెడల్స్, థ్రాటిల్, స్విచ్చుల బోర్డు అన్నింటినీ సొంత కరెంటు లేని ఒకే చిన్న యూ.ఎస్.బి. హబ్‌కు తగిలించాం. కరెంటు చాలక ఒక్కొక్కటే తెగిపోయాయి. సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి, కరెంటు పొదుపు కోసం విండోస్ యూ.ఎస్.బి. పోర్టులను ఆపే సెట్టింగు తీసేశాక సరిపోయింది.

మేము సిగ్గుపడుతుంటే అన్న నవ్వారు. పడిపోవడానికే ఈ యంత్రం పుట్టిందంటూ గోడ మీది ఫోటో చూపించారు. పొట్టి పసుపు రెక్కలున్న ఒక నీలం పెట్టె. చూస్తే తిరునాళ్లలో పిల్లలెక్కే బొమ్మ విమానంలా ఉంది. దాని పేరు లింక్ ట్రైనర్. ఆ రాత్రి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాం.

వాయిద్యాల కార్ఖానాలో బాల్యం

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ 1904 జూలై 26న అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్ అనే ఊళ్లో పుట్టారు. 1910లో ఆ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌కు వచ్చింది. తండ్రి పేరు కూడా ఎడ్విన్ లింకే. దివాలా తీసిన ఒక సంగీత వాయిద్యాల కంపెనీని కొని, లింక్ పియానో కంపెనీగా నిలబెట్టారు. వాటంతటవే మోగే పియానోలు, మూకీ సినిమాల హాళ్లలో వాయించే పెద్ద ఆర్గన్లు అక్కడ తయారయ్యేవి.

ఆ పియానో పని చేసే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే తర్వాత కథంతా దాని మీదే నడుస్తుంది. మన ఊళ్లలో భజన మందిరంలో హార్మోనియం చూశాం. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూశాం. తిత్తిని నొక్కితే గాలి బయటకు పోతుంది. లింక్ పియానోల్లో దీనికి తిరుగుడు. లోపల ఒక పంపు గాలిని పీల్చేస్తూ ఉంటుంది. చిల్లులు పొడిచిన పొడవాటి కాగితపు చుట్ట మెల్లగా తిరుగుతుంది. ఏ చిల్లు ఎదురుగా వస్తే ఆ గొట్టంలోకి గాలి దూరుతుంది, దాంతో ఒక కవాటం కదులుతుంది. అప్పుడు ఆ మెట్టుకు చెందిన చిన్న తిత్తిలోని గాలిని పంపు లాగేస్తుంది. తిత్తి ముడుచుకుని మెట్టును లాగుతుంది. కాగితం మీద చిల్లు అంటే ఆజ్ఞ, తిత్తి అంటే ఆ ఆజ్ఞను చేసే చెయ్యి. చిల్లుల కార్డులతో నడిచిన పాత కంప్యూటర్ల గురించి మనం మొదటి సంవత్సరంలో చదువుకున్నది దాదాపు ఇదే ఆలోచన.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. లింక్ పేదవాడు కాదు. తండ్రికి కార్ఖానా ఉంది. మన ఇళ్ల కష్టాలు ఆయన పడలేదు. అయితే బడి చదువు ఆయనకు అచ్చిరాలేదు. బడి తర్వాత బడి మారారు. కాలేజీ పట్టా లేకుండానే తండ్రి కార్ఖానాలో చేరి, ఆర్గన్లు విప్పి బిగించే పని చేశారు. తర్వాతి కాలంలో విశ్వవిద్యాలయాలు ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

ముట్టుకోనివ్వని మొదటి పాఠం

1920లో, పదహారేళ్ల వయసులో, లింక్ కాలిఫోర్నియాలో మొదటి విమాన పాఠానికి వెళ్లారు. మనందరికీ తెలిసిన చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్ అప్పట్లో అక్కడ ఒక విమాన కంపెనీ నడిపేవారు. పాఠానికి ఫీజు 50 డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. పైలట్ ఆయనను ఎక్కించుకుని ఆకాశంలో గిరికీలు కొట్టించి కిందికి దింపారు. పాఠం అయిపోయింది. ఆ సమయమంతా లింక్‌ను ఒక్కసారి కూడా కంట్రోళ్లు ముట్టుకోనివ్వలేదు.

ఇది చదివినప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేము చదివిన ఒక బడిలో కంప్యూటర్ గది ఉండేది. కంప్యూటర్ల మీద దుమ్ము పడకుండా గుడ్డలు కప్పి ఉండేవి. వారానికోసారి వరుసలో నిలబెట్టి చూపించేవారు. మౌస్ పట్టుకుంటే పాడవుతుందని దూరంగా నిలబడమనేవారు. పరీక్షలో మాత్రం మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తించాం. డిగ్రీ మొదటి సంవత్సరం ల్యాబులో డబుల్ క్లిక్ చేయడం రాక మేము పడిన అవమానం ఇప్పటికీ గుర్తుంది. యంత్రం ఖరీదైనదైతే నేర్చుకునేవాడిని దూరం పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. పాడైతే నష్టం కనుక ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వకపోతే రాదు. రాదు కనుక మళ్లీ ముట్టుకోనివ్వరు.

లింక్ మాత్రం మానలేదు. చిన్నా చితకా విమానాలు నడిపే పైలట్ల చుట్టూ తిరిగి, పనిలో సాయం చేస్తూ కొద్దికొద్దిగా నేర్చుకున్నారు. తండ్రికి ఈ పిచ్చి నచ్చలేదు. అయినా 1920ల చివరికి లైసెన్సు సంపాదించారు. సెస్నా కంపెనీ అప్పగించిన మొట్టమొదటి విమానాన్ని తీసుకుని, ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించడం, కిరాయికి తిప్పడం, పాఠాలు చెప్పడం చేశారు. ఎంత సంపాదించినా పెట్రోలుకే చాలేది కాదు. నేర్చుకునేవారికీ అదే సమస్య. గాలిలో గడిపే ప్రతి గంటకూ డబ్బు పోవాలి. గాలిలో చేసే ప్రతి తప్పుకూ ప్రాణం పోవచ్చు.

తిత్తులతో తయారైన విమానం

అప్పుడే ఆయనకు కార్ఖానా గుర్తొచ్చింది. నేల మీదే నేర్పే ప్రయత్నాలు అంతకు ముందు లేకపోలేదు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులో సగానికి కోసిన పీపాల మీద మనిషిని కూర్చోబెట్టి, మనుషులే అటూ ఇటూ ఊపుతూ నేర్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెక్కలు పొట్టిగా కత్తిరించిన, ఎగరలేని విమానాలను మైదానంలో పరుగెత్తించి నేర్పారు. అయితే కంట్రోలు కదిపిన వెంటనే నిజం విమానంలా బదులు పలికే యంత్రం కావాలని లింక్ అనుకున్నారు.

కార్ఖానా నేలమాళిగలో సుమారు ఏడాదిన్నర పని చేసి, 1929 నాటికి ఒక యంత్రం తయారు చేశారు. ఒక చెక్క పెట్టె, పొట్టి రెక్కలు, తోక. కింద అన్ని వైపులా వంగే కీలు. దాని చుట్టూ ఆర్గన్ల కోసం చేసే తోలు తిత్తులు. పైలట్ కర్రను ముందుకు తోస్తే ఒక కవాటం తెరుచుకుంటుంది. విద్యుత్ పంపు ముందు తిత్తిలోని గాలిని లాగేస్తుంది, ముక్కు కిందికి వంగుతుంది. పక్కకు తోస్తే ఆ పక్క తిత్తి ముడుచుకుంటుంది, పెట్టె ఒరుగుతుంది. పెడల్ తొక్కితే ఇంకొక తిత్తుల జత పెట్టె మొత్తాన్ని గుండ్రంగా తిప్పుతుంది.

కోకాపేటలో మేము బిగించిన కంప్యూటర్ ఏం చేస్తుందో ఈ తిత్తులూ అదే చేశాయి. చేతి కదలికను తీసుకుని, విమానం అప్పుడు ఎలా ప్రవర్తించాలో తేల్చి, కూర్చున్నవాడికి తెలిసేలా చేశాయి. చిప్ లేదు, తెర లేదు. లెక్కంతా గాలే చేసింది.

ఆ యంత్రంతో ఆయన బింగ్‌హామ్టన్‌లో ఫ్లయింగ్ స్కూలు పెట్టారు. సోదరుడు జార్జికి కూడా దాని మీదే నేర్పారు. 1931లో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటులో ఈ యంత్రాన్ని శిక్షణకూ, వినోదానికీ పనికొచ్చేదిగా రాయించారు. చివరికి వినోదానికే గిరాకీ వచ్చింది. సైన్యం కొనలేదు, విమాన పాఠశాలలు కొనలేదు. తిరునాళ్ల లాంటి వినోద పార్కులవాళ్లు కొన్ని కొని, నాణెం వేస్తే ఊగే బొమ్మగా పెట్టుకున్నారు. పైగా అది మహా మాంద్యం కాలం. పియానోలు కొనేవారు లేరు, మాట్లాడే సినిమాలు వచ్చాక ఆర్గన్లు కొనేవారూ లేరు.

ఆ రోజుల్లో బతుకు గడవడానికి లింక్ చేసిన పని చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. విమానం రెక్కల కింద విద్యుత్ దీపాలు అమర్చి, చిల్లుల కాగితపు చుట్టతో వాటిని వెలిగిస్తూ ఆర్పుతూ, రాత్రిపూట ఊళ్ల మీద వ్యాపార ప్రకటనలు చూపించారు. 1931లోనే మేరియన్ క్లేటన్ అనే విలేఖరిని పెళ్లి చేసుకున్నారు. కంపెనీ ఉత్తర ప్రత్యుత్తరాలు, లెక్కలు ఆమె చూసుకున్నారు. తర్వాత ఆయన పనుల గురించి పుస్తకాలు రాసింది కూడా ఆమే.

మబ్బులో చిక్కిన ఉత్తరాలు

1934లో పరిస్థితి మారింది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రైవేటు కంపెనీల తపాలా కాంట్రాక్టులు రద్దు చేసి, విమానాల్లో ఉత్తరాలు మోసే పని ఫిబ్రవరిలో సైన్యానికి అప్పగించారు. సైనిక పైలట్లకు ఎండలో ఎగరడం తెలుసు. రాత్రి, మంచు, మబ్బులో ఎగిరే అలవాటు చాలామందికి లేదు. కొన్ని వారాల్లోనే వరుస ప్రమాదాల్లో పది మందికి పైగా చనిపోయారు.

మబ్బులో అంత ప్రమాదం ఎందుకు? మన చెవి లోపల ద్రవం నిండిన సన్నని గొట్టాలుంటాయి. మనం తిరిగామో, ఒరిగామో మెదడుకు చెప్పేది అవే. విమానం నెమ్మదిగా ఒకవైపు తిరుగుతూనే ఉంటే కాసేపటికి ఆ ద్రవం కూడా స్థిరపడిపోతుంది. అప్పుడు తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. రంగులరాట్నంలో కళ్లు మూసుకుని కూర్చున్నవారికి ఈ భ్రమ తెలుసు. బయట నేల కనిపిస్తే కన్ను సరిచేస్తుంది. మబ్బులో కన్నుకు ఏమీ కనిపించదు. ఒళ్లు చెప్పేది నమ్మిన పైలట్, సుడిగా తిరుగుతూ నేలను తాకుతాడు. బతకాలంటే ఒళ్లు చెప్పేదాన్ని పక్కన పెట్టి ఎదురుగా ఉన్న ముళ్లను నమ్మాలి. అది ఉపన్యాసంతో వచ్చేది కాదు, సాధనతోనే రావాలి.

లింక్ అప్పటికే తన పెట్టెలో పరికరాలు పెట్టి, పైన మూత వేసి, లోపల కూర్చున్నవాడికి బయట ఏమీ కనపడకుండా చేసి నేర్పుతున్నారు. సైన్యం అధికారులు న్యూవార్క్‌లో ఆయనను కలవాల్సిన రోజున పొగమంచు కమ్మేసింది. ఈ వాతావరణంలో ఎవరూ రారని అధికారులు వెళ్లిపోబోతుండగా, లింక్ తన విమానంలో ఆ మంచులోంచే వచ్చి దిగారు. అంతకంటే వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఆ ఏడాదే సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

తర్వాతి యంత్రాల్లో గురువు కోసం పక్కనే ఒక బల్ల ఉండేది. బల్ల మీద మ్యాపు, దాని మీద పీతలా పాకే చిన్న చక్రాల పరికరం. లోపల శిష్యుడు ఎటు నడిపితే అటు అది సిరాతో గీత గీస్తూ పోయేది. దారి ఎక్కడ తప్పాడో పాఠం అయ్యాక ఇద్దరూ చూసుకునేవారు. ఈ గీత మాకు ఎంతో నచ్చింది. తప్పు చేసినవాడిని తిట్టనవసరం లేకుండా, తప్పు ఎక్కడ మొదలైందో కాగితమే చూపించేది.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి లింక్ ట్రైనర్లు పలు దేశాలకు చేరాయి. యుద్ధ కాలంలో 10,000కు పైగా తయారయ్యాయి. అమెరికా, మిత్ర దేశాలకు చెందిన సుమారు 5 లక్షల మంది వైమానికులు వాటి మీద శిక్షణ పొందారు. నక్షత్రాలను బట్టి దారి తెలుసుకోవడం నేర్పడానికి, పైన నక్షత్రాల గోపురంతో, సుమారు 45 అడుగుల ఎత్తున్న మరో యంత్రాన్ని కూడా లింక్ తయారు చేశారు. ఆయన కంపెనీ పేరున్న విభాగమే 1960లలో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో వ్యోమగాముల సిమ్యులేటర్లను నిర్మించింది. అప్పటికి ఆయన 1954లోనే కంపెనీని పెద్ద సంస్థలో కలిపేసి, సముద్రం వైపు తిరిగారు.

సముద్రం, కొడుకు

యాభై ఏళ్ల వయసులో లింక్ కొత్త చదువు మొదలుపెట్టారు. మేరియన్‌తో కలిసి సీ డైవర్ అనే ఓడలో తిరిగి, మునిగిన ఓడలను వెదికారు. 1692 భూకంపంలో సముద్రంలో కలిసిన జమైకాలోని పోర్ట్ రాయల్ పట్టణాన్ని 1959లో శోధించారు. సముద్రం అడుగున మనిషి ఎక్కువసేపు ఉండి పని చేయగల గదులను రూపొందించారు. 1962లో మధ్యధరా సముద్రంలో 60 అడుగుల లోతున ఎనిమిది గంటలు ముందు తానే ఉండి చూశారు. ఆ తర్వాతే రాబర్ట్ స్టెన్యువీ అనే బెల్జియం డైవర్‌ను 200 అడుగుల లోతుకు పంపారు. ఆయన ఒక రోజుకు పైగా అక్కడ ఉన్నారు.

1971లో సీవార్డ్ జాన్సన్ అనే మిత్రునితో కలిసి జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామిని తెచ్చారు. ముందు భాగం పారదర్శకమైన అక్రిలిక్ గోళం, వెనక భాగం అల్యూమినియం గది. 1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర, మునిగిన ఒక యుద్ధనౌక శిథిలాల్లో అది చిక్కుకుపోయింది. లోపల నలుగురు. వెనక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు లింక్ కొడుకు క్లేటన్, వయసు 31. ఇంకొకరు ఆల్బర్ట్ స్టోవర్. నౌకాదళం, డైవర్లు ఎంత ప్రయత్నించినా పైకి తేవడానికి ఒక రోజుకు పైగా పట్టింది. అల్యూమినియం చలిని లోపలికి తెచ్చేసింది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడానికి పెట్టిన రసాయనం చలిలో సరిగా పని చేయలేదు. ముందు గోళంలోని ఇద్దరూ బతికారు. వెనక ఉన్న ఇద్దరూ చనిపోయారు.

ఇక్కడికి వచ్చాక మేము చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాం. ప్రపంచంలో ఎందరో తల్లిదండ్రుల పిల్లలు తప్పు చేసినా బతికేలా యంత్రం చేసిన మనిషి ఆయన. ఆయన సొంత కొడుకు ఆయన రూపొందించిన యంత్రంలోనే పోయాడు. సముద్రం అడుగున తప్పుకు రెండో అవకాశం దొరకలేదు.

లింక్ మళ్లీ పనిబల్ల దగ్గరే కూర్చున్నారు. చిక్కుకుపోయిన జలాంతర్గామి దగ్గరకు మనిషి లేకుండా, కేబుల్ సాయంతో వెళ్లి, చూసి, అడ్డం కోసి విడిపించగల యంత్రాన్ని తయారు చేశారు. దాని అవసరం ఏమిటో ఆయన కంటే ఎక్కువ తెలిసినవారు లేరు. జాన్సన్ సీ లింక్ జలాంతర్గాములు తర్వాత ఎన్నో ఏళ్లు పని చేశాయి. 1986లో పేలిపోయిన ఛాలెంజర్ వ్యోమనౌక శకలాలను సముద్రంలో వెదకడంలోనూ పాల్గొన్నాయి. అది చూడటానికి ఆయన లేరు. 1981 సెప్టెంబర్ 7న, 77 ఏళ్ల వయసులో, బింగ్‌హామ్టన్‌లో కన్నుమూశారు. ఆ ఊరి విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది. మొదటి లింక్ ట్రైనర్ల వారసత్వాన్ని అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 2000లో చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

మన దగ్గరకు వచ్చిన దారి

హైదరాబాదుకూ ఈ కథతో బంధుత్వం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో వైమానిక దళ ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. 1971 నుంచి దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు సిమ్యులేటర్ల మీద శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని ఈ నగరంలోనే నడిపింది. ఇంటి కంప్యూటర్‌లోకి విమానం వచ్చిన దారి మాత్రం వేరు. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు 1980 ప్రాంతంలో ఆపిల్ టూ కంప్యూటర్ కోసం చేసిన ప్రోగ్రాంతో అది మొదలైంది. 1982లో ఐ.బి.ఎం. పీసీ కోసం మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. అన్న గదిలో నడుస్తున్నది ఆ వరుసలో కొత్తదే.

ఇంట్లో సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు గడిపినా పైలట్ లైసెన్సు రాదు. ఆ మాట అన్నే చెబుతారు. అన్న పైలట్ కాలేదు, ఇక కారు కూడా. కానీ దసరా సెలవుల్లో మన హాస్టల్ నుంచి వచ్చిన ఒక తమ్ముడిని, తొమ్మిదో తరగతి చదివేవాడిని, అన్న ఆ సీటులో కూర్చోబెట్టారు. వాడు మొదట చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముట్టుకోవచ్చా అని కళ్లతోనే అడిగాడు. అన్న వాడి చేతులు తీసి యోక్ మీద పెట్టారు. ఆ సాయంత్రం వాడు శంషాబాద్‌లో నాలుగుసార్లు కూలిపోయాడు. ఒక్కసారి కూడా ఎవరూ కోప్పడలేదు. ఐదోసారి విమానం గెంతుతూ, వంకరగా, రన్‌వే చివర వరకూ పోయి ఆగింది. వాడు వెనక్కి తిరిగి మా ముగ్గురి వైపు చూసిన చూపు మేము మరచిపోలేం.

మిత్రులారా, మన ఇళ్లలో తప్పు చేయడానికి చోటు తక్కువ. ఒక ఏడాది ఫెయిలైతే చదువు మానిపించి పనికి పంపుతారు. ఒక ఫీజు వృథా అయితే అమ్మ మెడలోది తాకట్టులోకి పోతుంది. అందుకే మనం భయపడుతూ చదువుతాం, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. లింక్ జీవితం నుంచి మేము తీసుకున్నది ఒక్కటే. నేర్చుకునేవాడికి ముందుగా ఇవ్వాల్సింది, పడినా లేవగలిగే చోటు.

కోకాపేట అన్న తన పాత కంప్యూటర్‌ను మన స్టడీ అవర్ గదికి ఇస్తున్నారు. ఈ వార్షికోత్సవం రోజున మేమే తెచ్చి బిగిస్తాం. వార్డెన్ గారికి మా మనవి ఒక్కటే. దయచేసి దాని మీద గుడ్డ కప్పవద్దు. పిల్లలు విప్పితే విప్పనివ్వండి. పాడు చేస్తే మాకు ఫోన్ చేయండి, ఆదివారం వచ్చి బాగు చేస్తాం. ఎలా బాగు చేయాలో వాళ్లకే నేర్పి వెళ్తాం.